ఎడమ గొట్టం నిండేలోగా

ఎడమ గొట్టంలో నీళ్లు గోరంత దిగాయి. గోరంతే. తొమ్మిదింటికి స్విచ్చి వేస్తే ఇంతసేపటికి గోరంత. ఈ లెక్కన పదిన్నరకి రత్నమాణిక్యం గారు వచ్చేసరికి గొట్టం నిండుతుందా, నిండకపోతే ఏం చూపిస్తాడు, ముప్పై మూడేళ్లు కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఇదే పని చేసినవాడు, పిల్లలు లోపలికి వచ్చేలోగా రెండేసి గొట్టాలు నింపి స్టాండుకి తగిలించి ఉంచినవాడు, ఇవాళ వంటింటి గట్టు ముందు ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుని బుడగల్ని బతిమాలుతున్నాడు. రండి, తొందరగా రండి. విజయ్ పాల్‌కి నవ్వు రావలసింది. కోపం వచ్చింది. బుడగల మీద, కడ్డీల మీద, పాత సెట్‌టాప్ బాక్సు అడాప్టరు మీద, దానికి తగిలించిన తీగల మీద, తీగ కొస ఊడకుండా చుట్టిన భార్య దేవకుమారి జడ రబ్బరుబ్యాండు మీద. కాదు, దాని మీద కాదు. దాన్ని ఒకసారి వేలితో తాకి చూశాడు. ఇంకా సాగుతోంది. ఆవిడ పోయాక పదకొండు నెలలు సొరుగులో పడి ఉన్నా ఎండి తెగిపోకుండా ఇవాళ్టికి పనికొచ్చింది, అంతవరకూ సంతోషం.

నిన్న సాయంత్రం మొదట ఇనప మేకులు పెట్టాడు. అయిదు నిమిషాల్లో నీళ్లు తుప్పు రంగుకి తిరిగి బురదగుంటలా అయ్యాయి. ఇనుము పెట్టకూడదు బాబూ, నీళ్లకంటే ముందు అదే కరుగుతుంది అని ఎన్ని బ్యాచులకి చెప్పాడు, చెప్పి చెప్పి నోరు అరిగిపోయినవాడు తానే మేకులు పెట్టాడు. మొత్తం పారబోసి, పాత టార్చిలైటు బ్యాటరీలు రెండు పగలగొట్టి, లోపలి నల్లటి కార్బన్ కడ్డీలు లాగి, గీకి కడిగి, కూల్‌డ్రింకు సీసా మెడ వైపు కోసి తలకిందులుగా డబ్బాలో నిలబెట్టి, మూతకి రెండు చిల్లులు పెట్టి కడ్డీలు దూర్చి, సందుల్లో ఎంసీల్ ముద్ద పెట్టి, రాత్రంతా ఆరనిచ్చాడు. పొద్దున్న నీళ్లు పోసి చిటికెడు చాకలిసోడా కలిపాడు. రెండు గొట్టాల నిండా ఆ నీళ్లే పట్టి, బొటనవేలు అడ్డం పెట్టి, చుక్క కూడా ఒలకకుండా కడ్డీల మీద బోర్లించాడు. ఆ ఒక్క పనీ వేళ్లు మరిచిపోలేదు. అరవై ఆరేళ్ల వేళ్లు, చుక్క ఒలకలేదు. ఇంత తంటా ఎందుకు? ఒక్క మాట అనలేక. ఫోనులో ఒక్క మాట అంటే సరిపోయేదానికి సీసా కోశాడు, బ్యాటరీలు పగలగొట్టాడు, జీవితంలో మొదటిసారి ఆదివారం ఆరాధన మానేశాడు. అదీ ఈ కోపం. అసలు కోపం అదీ.

నిన్న సాయంత్రం ఫోను చేసింది రత్నమాణిక్యం గారు. కాలువ అవతలి ఊరి ఆవిడ, చుట్టూ కొబ్బరితోట ఉన్న పెద్ద ఇల్లు, కొడుకు సూర్యతేజ భీమవరం వైపు రొయ్యల చెరువులు చేస్తాడు. మంగళవారం, శుక్రవారం రాజమండ్రి డయాలసిస్ సెంటర్లో దేవకుమారి పక్క మంచం ఆవిడది. దేవకుమారి పోయాక కూడా పండక్కి ఫోను చేసి, ఎలా ఉన్నారు మాస్టారండీ అని అడిగే మనిషి. "మాస్టారండీ, లోకనాథ్ గారు మీ వీడియో చూపించారండి. ఎంత చక్కగా చెప్పారండీ! రేపు మీ చర్చి వెనక హాల్లో మీటింగంట కదండీ, మావాడు మిషను బుక్ చేసేస్తానంటున్నాడు. రోజుకి మూడు లీటర్లు ఆ హైడ్రోజన్ నీళ్లు తాగితే వారానికి ఒక్కసారి వెళ్తే చాలంటండి. ఈ మంగళవారం మానేద్దామనుకుంటున్నాను. మీరు ఊఁ అంటే నాకింక బెంగలేదండి." శుక్రవారం నుంచి శుక్రవారానికి. ఏడు రోజులు. రోజుకి మూడు లీటర్లు. అంత నీరు ఆ ఒంట్లోకి వెళ్లి బయటికి వచ్చే దారి లేక ఎక్కడ చేరుతుందో విజయ్ పాల్‌కి తెలుసు, కళ్లారా చూశాడు, అయినా ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఏమన్నాడు? వద్దండి అనలేదు. "ముందు మా ఇంటికి రండమ్మా, చూపిస్తాను" అన్నాడు. చూపిస్తాడట. ఏం చూపిస్తాడు, బుడగలా?

ఎడమ వైపు బుడగలు వరసగా లేస్తున్నాయి, సూది మొనంత బుడగలు, కడ్డీ ఒంటికి అంటుకుని కాసేపు ఆగి, ఇంకోటి కలిశాక విడిపోయి పైకి. కుడి వైపు మందకొడిగా. ఇటు రెండు పాళ్లు, అటు ఒక పాలు. ఎప్పుడు చేసినా అంతే, ఎవరు చేసినా అంతే, ఈ నిడదవోలులో చేసినా ఇంకెక్కడ చేసినా అంతే. నీటికి మొహమాటం లేదు. మొహమాటం మనిషికి.

ఆ వీడియో. రెండేళ్ల కిందటి ఆదివారం, అదే హాలు, అవే నీలం కుర్చీలు. లోకనాథ్ బల్ల మీద గాజు జగ్గు పెట్టి మీట నొక్కితే అడుగున నీలి దీపం వెలిగి, నీళ్లలో పాల నురగలా బుడగలు లేచాయి. ఆడవాళ్లంతా అబ్బా అన్నారు. నిజంగా అందంగానే ఉంది. అప్పుడు లోకనాథ్ మైకు పట్టుకుని వెనక వరసల దాకా నడిచి వచ్చాడు. "నేను చెప్తే నమ్మక్కర్లేదండి. మన కెమిస్ట్రీ మాస్టారు ఉన్నారు ఇక్కడ, నాకు చదువు చెప్పిన గురువుగారు. మాస్టారూ, నీళ్లలో హైడ్రోజన్ ఉంటుందా ఉండదా?" నోటి ముందు మైకు. అందరూ వెనక్కి తిరిగి చూస్తున్నారు. "అవునండీ, ఉంటుంది." "కరెంటు పెడితే బయటికి వస్తుందా మాస్టారూ?" "అవునండీ." ఆ రెండూ నిజాలే. అక్కడ ఆగిపోవలసింది. లోకనాథ్ మైకు తీసుకుని తిరగబోయినవాడు మళ్లీ ఆగి, నవ్వుతూ, "మరి ఒంటికి మంచిదేనంటారా?" అన్నాడు. అప్పటికే నాలుక వాలులో పడింది, హాలంతా చూస్తోంది, ఎదురుగా ఉన్నవాడు తన శిష్యుడు, చర్చికి వచ్చిన అతిథి, వెనక పాస్టరు గారు తల ఊపుతున్నారు, కాదంటే వాడి మొహం ఏమైపోతుంది. "అవునండీ." చప్పట్లు. ఆ మూడో అవునండీ ఎన్నిసార్లు విన్నాడో. దేవకుమారిని సమాధి చేసి వచ్చిన వారానికి ఎవరో తెలిసినాయన ఫార్వర్డ్ చేశాడు, మీరు ఫేమస్ అయిపోయారు సార్ అని. తన మొహమే, తన కళ్లద్దాలే, తన నోరే. ఫోను పగలగొడదామనిపించింది. పగలగొట్టలేదు. దానికీ మర్యాద అడ్డొచ్చిందేమో.

మర్యాద. ఎక్కడ నేర్చుకున్నాడు? నాన్న దగ్గర. ఎజ్రా, రాజుగారి పొలంలో పాలేరు, పొద్దున్నే వీధి గుమ్మానికి దూరంగా నిలబడి తలపాగా తీసి చంకలో పెట్టుకుని అలాగేనండి, అలాగేనండి. ధాన్యం తడిస్తే మీదే తప్పన్నా అలాగేనండి. జ్వరంతో వణుకుతున్నా రేపు నీరు పెట్టు అంటే అలాగేనండి. ఆ మాట చెవిలో పడుతుంటే పదేళ్ల విజయ్ పాల్ పళ్లు నూరుకునేవాడు, చదువుకుంటే ఈ మాట అనక్కర్లేదు అనుకునేవాడు. మిషన్ స్కూలు, హాస్టలు పప్పునీళ్లు, బీయెస్సీ, ల్యాబులో ఉద్యోగం, తెల్ల చొక్కా, మాస్టారు అన్న పిలుపు. ఇంత దూరం నడిచి వచ్చి ఏం చేశాడు? నాన్న అలాగేనండి అన్నచోట వీడు అవునండీ అన్నాడు. నాన్నకి వేరే దారి లేదు. పొలం లేదు, బియ్యం లేదు, నలుగురు పిల్లలు. వీడికేం అడ్డం? పెన్షను వస్తుంది, సొంత ఇల్లుంది, ఎదురుగా నిలబడ్డవాడు ల్యాబులో తన చేతికింద పరీక్ష రాసినవాడు. వీడికి ఏ రాజుగారి గుమ్మం అడ్డం వచ్చింది?

పరీక్ష. ఆ రోజు కూడా ఇదే గొట్టం. ప్రాక్టికల్ పరీక్షలో లోకనాథ్ గొట్టంలోంచి హైడ్రోజన్ జారిపోయింది, పుల్ల వెలిగించి మూతి దగ్గర పెడితే టప్ మనలేదు, పుల్ల మామూలుగానే మండింది. పరీక్షకి బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు అవతలి బెంచీ దగ్గర ఉన్నాడు. ఆ పిల్లవాడి పెదాలు వణకడం చూసి విజయ్ పాల్ ఏం చేశాడు, తాను నింపి దాచిన గొట్టాన్ని తువ్వాలు కింద నుంచి జరిపి ఇచ్చాడు. అది టప్ మంది. వాడు పాసయ్యాడు. బయట మెట్ల మీద కాళ్లకి దణ్ణం పెట్టాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి దేవకుమారికి చెబితే, పోనీలెండి, మంచి పని చేశారు, వాళ్ల నాన్న లేడట కదా పాపం అంది. ఇద్దరూ ఆ రాత్రి సంతోషంగా భోంచేశారు. ఇప్పటికీ అది తప్పనుకోలేడు. అదే మంట. వాడి మీద పూర్తిగా కోపం తెచ్చుకుందామంటే ఆ వణికే పెదాలు గుర్తొస్తాయి. వాడేమో మాస్టారు ఎప్పుడూ నింపిన గొట్టమే చేతిలో పెడతారని నేర్చుకున్నాడు.

మట్టం రెండంగుళాలు దిగింది. పరవాలేదు. కిటికీలో కొలజాడీ ఉంది, అయిదొందల మిల్లీలీటర్ల గాజు జాడీ, రిటైరయిన రోజు ల్యాబు వాళ్లు శాలువాతోపాటు ఇచ్చింది. అందులో ఇప్పుడు కరివేపాకు కొమ్మ పెట్టి ఉంది. పక్కింటివాళ్లు నిన్న ఇచ్చారు, వాడలేదు, పచ్చగానే ఉంది. రోజుకి ముప్పావు లీటరే తాగాలమ్మా, మందులకి, కాఫీకి, పప్పుకి, పులుసుకి అంతా కలిపి, అని కిడ్నీ డాక్టరు చెప్పిన రోజు నుంచి ఆ జాడీతో కొలిచి స్టీలు చెంబులో పోసి పెట్టేవాడు. దేవకుమారి గుక్క కూడా కాదు, పెదాలు తడుపుకుని దించేది. సాయంత్రానికి చెంబులో నాలుగు చుక్కలు మిగిలితే చూపించి గొప్పలు పోయేది. చూశారా, ఇవాళ నేనే గెలిచాను అనేది. ఒంట్లో నీరు పట్టి కాళ్లు బరువెక్కినా ఆ చుక్కలు మిగిల్చిన గర్వం. పదమూడు నెలలు అలా కొలిచాడు. ఆ తరవాత జగ్గు వచ్చింది. నీలి దీపం జగ్గు. జాడీ కిటికీ ఎక్కింది.

కొన్నదెవరు? హాల్లోంచి ఆటోలో వస్తూ ఆవిడే అడిగింది, కొనేద్దామా అండీ అని. ఆ అడగడంలో చిన్న తడబాటు ఉంది, విన్నాడు, అప్పుడే విన్నాడు. నీ ఇష్టం అన్నాడు. తన నోటితో అవునని వచ్చి ఇంట్లో కాదనడానికి మొహం చెల్లలేదు. మొదటి వారం ఒక గ్లాసు. తరవాత రెండు. లోకనాథ్ ఫోను చేసి, మేడమ్ మీరు కోర్సు ప్రకారం తాగడంలేదు, మూడు లీటర్లు పడాలి, విషం కడిగేస్తుంది అన్నాడు. ఆవిడ వంటింట్లో నిలబడి మందు మింగినట్టు కళ్లు మూసుకుని తాగేది. సెంటర్లో బరువు చూసే మిషను ఎక్కితే టెక్నీషియన్ ప్రసన్నకుమార్ కేకలు. "ఏంటండీ మేడమ్ ఇది, నాలుగు కిలోలు! ఏం తాగేస్తున్నారండీ ఇంట్లో?" ఆవిడ తలదించుకుని, "ఆవకాయ తిన్నానండి బాబూ, దాహమేసింది" అనేది. ఆవకాయ లేదు, ఏమీ లేదు. పక్కన నిలబడి ఆ అబద్ధం విన్నాడు. జగ్గు సంగతి ప్రసన్నకుమార్‌కి చెప్పేస్తే ఆ రోజే అయిపోయేది. చెప్పలేదు. ఆ పిల్లవాడు ఎంత మంచివాడంటే, సూది గుచ్చేముందు ఆ చోటు తన అరచేత్తో కాసేపు పట్టుకుని వెచ్చచేసేవాడు. అలాంటివాడికి కూడా నిజం చెప్పలేదు. ఆ హాల్లో పద్నాలుగు మంచాలు. ఎవరి నెత్తురు ఎవరి ముందు ఆ మిషన్లో తిరిగిందో ఎవరూ అడిగేవారు కాదు. నాన్న ఏ గుమ్మానికి దూరంగా నిలబడ్డాడో అలాంటి గుమ్మంలోని ఆవిడ, రత్నమాణిక్యం గారు, ఫ్లాస్కు నిండా ఐసుముక్కలు తెచ్చి మంచం మంచానికీ పంచేది. నీళ్లు తాగకూడనివాళ్లకి ఐసుముక్క పండగ. దేవకుమారి ఒకటి బుగ్గన పెట్టుకుని కళ్లు చిన్నవి చేసుకుని చిన్నపిల్లలా చప్పరించేది. ఆ నాలుగు గంటల్లో ఆ రెండు నిమిషాలు. అంత మంచి మనిషి ఇప్పుడు అదే జగ్గు కొనబోతోంది. తన మాట మీద.

కుడి గొట్టంలో ఆక్సిజన్. చాలా కొద్దిగా. దేవకుమారికి కావలసింది అదే, ఆ సోమవారం పొద్దున్న. శుక్రవారం డయాలసిస్ అయింది, మళ్లీ మంగళవారం దాకా లేదు, శని, ఆది రెండు రోజులూ ఆవిడ కోర్సు ప్రకారం తాగింది. సోమవారం తెల్లవారుతుంటే లేచి కూర్చుని, "ఏమండీ, తలుపులు తియ్యండి, గాలి ఆడటంలేదు" అంది. తీశాడు. ముందు తలుపు, వెనక తలుపు, కిటికీలు, అన్నీ తీశాడు. కాలువ మీది గాలి ఇంట్లోకి కొడుతోంది, క్యాలెండరు కాగితాలు ఎగురుతున్నాయి, ఆవిడకి ఆడటంలేదు. అంబులెన్సు వచ్చింది. గేటు పడింది. గూడ్సు బండి. పెట్టె తరవాత పెట్టె, పెట్టె తరవాత పెట్టె, దానికి అంతు లేదు, ఆవిడ ఛాతీలో నీళ్లు గళగళమంటున్న చప్పుడు, నిజంగా నీళ్ల చప్పుడు, వేలితో కాలు నొక్కితే పడిన గుంట పూడటం లేదు. ఊపిరితిత్తుల్లోకి నీరు వచ్చేసింది సార్, ఇంత నీరు ఎలా వచ్చింది అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు, అంతా అయిపోయాక. ఎలా వచ్చిందా. తాను పోయించాడు. అవునండీ, తానే. నీళ్లలోనే ఆక్సిజన్ ఉంటుంది, విడగొడితే వస్తుంది, చూడండి ఈ కుడి గొట్టం, విడగొట్టకుండా పోస్తే ముంచుతుంది. ఇది ఏ పరీక్షకీ రాదు.

బయట కారు ఆగింది. ఇంకా పావుగంట ఉందనుకుంటే ముందే వచ్చేశారు. ఎడమ గొట్టం ముప్పావు వంతు నిండింది. చాలు. విజయ్ పాల్ లేచి చొక్కా సర్దుకుని తలుపు తీశాడు.

రత్నమాణిక్యం గారు కొడుకు చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది. ఎడమ చేతికి డయాలసిస్ గుడ్డ పట్టీ, కుడి చేతిలో అదే ఫ్లాస్కు. మొహం కొంచెం ఉబ్బింది. ఉబ్బిందా? ఉబ్బింది. తిన్నగా వంటింట్లోకే వచ్చి గట్టు మీదున్నదాన్ని చూసి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"ఏంటండీ మాస్టారండీ ఇది! ఆదివారం పూట సారా కాస్తున్నారా ఏంటి?"

"మా చెరువులో ఎయిరేటరుకి తమ్ముడిలా ఉందమ్మా" అన్నాడు సూర్యతేజ వంగి చూస్తూ. "బుడగలు బాగానే కొడుతోంది గానీ, దీంతో రొయ్య బతకదండి."

"హైడ్రోజన్ అంటే ఇదేనండి" అన్నాడు విజయ్ పాల్. "గంటంబావుకి ఇంత వచ్చింది. ఇది నీళ్లలో నిలవదు. అన్నిటికంటే తేలిక. పైకి లేచి పోతుంది. చూడండి."

గొట్టం మూతికి నీళ్లలోనే బొటనవేలు అడ్డం పెట్టి పైకి తీశాడు. అగ్గిపుల్ల గీశాడు. వేలు తీసి పుల్ల దగ్గర పెట్టాడు. టప్ మంది. చిన్న చప్పుడు, గట్టి చప్పుడు, కొలజాడీ అంచు సన్నగా మోగింది. ఒకప్పుడు ఈ చప్పుడుకి, కాలేజీ చూడ్డానికి వచ్చిన కొత్తపెళ్లికూతురు దేవకుమారి అమ్మో అని తన మోచెయ్యి పట్టుకుంది.

"అమ్మో!" అంది రత్నమాణిక్యం గారు. తరవాత నవ్వింది. కళ్లు మెరిశాయి. "చూశావురా తేజా, ఎంత పవరుందో! గొట్టంలో ఇంతుంటేనే అంత మోత మోగితే, జగ్గుడు తాగితే లోపల ఇంకేం రోగం ఉంటుందండీ?"

"అదేనమ్మా లోకనాథ్ చెప్పింది కూడా" అన్నాడు సూర్యతేజ. "సార్, ఇది ఇంకోసారి చెయ్యండి, వీడియో తీసుకుంటాను. మీటింగులో చూపిద్దాం."

విజయ్ పాల్ ఖాళీ గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. రాత్రంతా ఆరబెట్టి, ఆరాధన మానేసి, గంటంబావు బుడగల్ని బతిమాలి, లోకనాథ్‌కి ఇంకో గొట్టం నింపి ఇచ్చాడు. మళ్లీ తువ్వాలు కింద నుంచి. చెరువులో ఆక్సిజన్ ఎంతుందో తెల్లారకుండానే మీటరు ముంచి చూసుకుంటాడు ఈ పిల్లవాడు, రొయ్యకి ఒక పాయింటు తగ్గితే పరుగెడతాడు, అమ్మ తాగేదానికి మాత్రం ఒక వీడియో చాలు. ఆ వీడియోలో ఉన్నది ఎవరు మరి? పిల్లవాణ్ని అనేదేముంది?

"అయితే మంచిదేనంటారు కదండీ?" ఆవిడ కుర్చీలో కూర్చుంటూ అడిగింది. "దేవకుమారి గారు కూడా చెప్పేవారండి. ఒకరోజు నాకు అనుమానం వచ్చి, మీరు నమ్ముతున్నారా ఆ నీళ్లని అని అడిగాను. ఆవిడ ఇలా ఐసుముక్క బుగ్గన పెట్టుకుని నవ్వారు. నమ్మకం సంగతి నాకు తెలీదు రత్నం గారూ, మా ఆయన అంతమంది ముందు అవునని చెప్పి వచ్చారు, ఇంట్లో నేనే తాగకపోతే ఆయన మాటకి విలువేముంటుందండీ అన్నారు. అంత మనిషండి ఆవిడ."

సీసాలో కడ్డీలు ఇంకా బుడగలు వదులుతూనే ఉన్నాయి, పైన పట్టుకునే గొట్టం లేకపోయినా. అవునండీ అన్న మాట పెదాల దాకా వచ్చింది. నిజంగానే వచ్చింది, ఇంత తెలిసీ, అలవాటు మనిషికంటే ముందు నడుస్తుంది. పళ్లు కలిపి పట్టుకున్నాడు.

"కాదండి" అన్నాడు.

ఆవిడ చూసింది.

"మంచిది కాదండి. నాకు ఆ రోజే తెలుసు. హాల్లో అంతమంది ముందు కాదనలేక అవునన్నాను. నా భార్య మూడేసి లీటర్లు తాగింది, సోమవారం పొద్దున్న రైలు గేటు దగ్గర అంబులెన్సులో నా చేతిలో నీళ్లతో నిండి చచ్చిపోయింది. హైడ్రోజన్ ఏమీ చెయ్యలేదండి, అది ఎగిరిపోయింది. నీళ్లు చంపాయి. నా మాట చంపింది. మీరు మంగళవారం వెళ్లాలి. శుక్రవారం వెళ్లాలి. ఒక్క గ్లాసు కూడా ఎక్కువ తాగకూడదు. ఇవాళ పొద్దుట్నుంచి ఎంత తాగారు మీరు?"

అరిచాడా? అరిచినట్టున్నాడు. సూర్యతేజ ఫోను జేబులో పెట్టుకున్నాడు. రత్నమాణిక్యం గారు కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

"లీటరున్నర తాగానండి" అంది, తప్పు చేసిన పిల్లలా. "నిన్నట్నుంచి లోకనాథ్ గారు వాళ్లింట్లో జగ్గు తెచ్చి మొదలెట్టించారు."

"తేజ గారూ, ఆ ప్రసన్నకుమార్‌కి ఫోను చెయ్యండి. రేపే రమ్మంటాడేమో అడగండి. ఆయాసం వస్తే రేపటిదాకా చూడొద్దు, తిన్నగా తీసుకెళ్లిపోండి."

కుర్రాడు వసారాలోకి పోయి ఫోను చేశాడు. "రేపు పొద్దున్నే మొదటి షిఫ్టులో పెడతాడంటండి" అని లోపలికి వచ్చి చెప్పాడు. అతని మొహం పాలిపోయి ఉంది. విజయ్ పాల్ వెళ్లి అడాప్టరు పీకేశాడు. జడ రబ్బరుబ్యాండు విప్పి జేబులో వేసుకున్నాడు. కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది, ఆవిడ తెలిసి తాగింది, తన మాట నిలబెట్టడానికి తాగింది, అరిచి పోట్లాడి జగ్గు గోడకేసి కొట్టి ఉంటే ఎంత బాగుండేది, దేవకుమారీ, నువ్వు కూడానా, నువ్వు కూడా అలాగేనండి అన్నావా.

"మీటింగు పదకొండున్నరకి కదండీ" అంది రత్నమాణిక్యం గారు నెమ్మదిగా లేస్తూ. "మనం వెళ్లొద్దాం పదండి. హాలు నిండా జనం ఉంటారు." ఫ్లాస్కు మూత తిప్పి ఒక ఐసుముక్క తీసి అతని అరచేతిలో పెట్టింది. "బుగ్గన పెట్టుకోండి. గొంతు ఆరిపోయింది మీకు."

ముగ్గురూ కారెక్కారు. రైలు గేటు ఇవాళ తీసే ఉంది. పట్టాల మీద కారు కుదిపినప్పుడు ఐసుముక్క పంటికి తగిలి జిల్లుమంది. చర్చి వదిలారు, తెల్ల చీరలు, చేతుల్లో పాటల పుస్తకాలు, అందరూ వెనక హాలు వైపే నడుస్తున్నారు. పాస్టరు గారు గుమ్మంలో ఆగి, ఇవాళ రాలేదేంటండీ, ఒంట్లో బాగోలేదా అని అడిగారు. బాగానే ఉందండి అని లోపలికి నడిచాడు. బల్ల మీద జగ్గు, నీలి దీపం. లోకనాథ్ దూరం నుంచే చూసి, ఆ పాత పరీక్షరోజు మెట్ల మీద నవ్వినట్టే నవ్వి, మైకు పట్టుకుని ఎదురొచ్చాడు. వంగి కాళ్లకి దణ్ణం పెట్టాడు కూడా.

"టైముకి వచ్చారు మాస్టారూ! కొత్తవాళ్లు చాలామంది ఉన్నారు, మీరు రెండు ముక్కలు చెప్పాలి. ఒరేయ్, వీడియో ఆన్ చెయ్యరా."

విజయ్ పాల్ ఐసుముక్కని పళ్లతో కొరికి మింగేశాడు. మైకు అందుకున్నాడు. ఆడవాళ్ల వరసలో దేవకుమారి కూర్చునే కుర్చీ దగ్గర రత్నమాణిక్యం గారు కూర్చుంటోంది.

"ఆన్ అయిందా?" అన్నాడు.

"అయిందండి మాస్టారూ."

"నేను ఆపమనేదాకా ఆపకు."